కోకనాడ అని వెతకమన్న బాబాయిగారికి

కాకినాడ చరిత్ర మీద నా ప్రాజెక్టు ఇవ్వడానికి ఇక రెండే రోజులు. మా కాలేజీ లైబ్రరీలో 1907 నాటి గోదావరి జిల్లా గెజిటీర్ (జిల్లా వివరాలన్నీ ఉండే సర్కారు పుస్తకం) సూచికలో ఎంత వెతికినా కాకినాడ పేరే కనబడలేదు. ఏడుపొచ్చేసింది.

బీరువాలు సర్దే బాబాయిగారు చూసి దగ్గరికొచ్చారు. "కోకనాడ అని చూడమ్మా, దొరలు అలాగే రాసేవోరు" అన్నారు. అంతటితో వెళ్లిపోలేదు. తన క్యారేజీ పక్కన పెట్టేసి, ముట్టుకుంటే రాలిపోయే ఆ కాగితాలు తానే ఒక్కొక్కటీ తిప్పుతూ, కోరంగి, కోకనాడ అని కనిపించిన ప్రతిచోటా చీటీ పెట్టారు. 1839 తుపానుకి దెబ్బతిన్న కోరంగి రేవు, మేట వేసిన ఒండ్రు, 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, ఆ కాలవల్లో పడవల మీద కాకినాడకి చేరిన సరుకు... ఏది ఎక్కడ చదవాలో ఆ చీటీలే చెప్పాయి.

మూసే వేళ దాటినా లైటు ఆర్పలేదు. "రాసుకోమ్మా, నేనుంటాలే" అని గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చున్నారు. ఆయన ఊరికెళ్లే ఆఖరి బస్సు ఆ రాత్రి తప్పిపోయిందని మర్నాడు తెలిసింది.

బాబాయిగారూ, ఆ చీటీలన్నీ నా నోట్సులో దాచుకున్నాను. మీకు నా నమస్కారాలండి.