బూట్లో క్యారెట్, డబ్బాలో కవిత

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

సింటర్‌క్లాస్ వచ్చేస్తున్నాడు. నెదర్లాండ్స్‌కి కొత్తగా వచ్చిన అమ్మానాన్నలు కొందరు "ఇది క్రిస్మస్సేనా? మేమేం చేయాలి?" అని అడుగుతున్నారు. మన పిల్లలు వెళ్లే డచ్ బడుల్లో డిసెంబర్ 5 దాకా ఇదే హడావిడి. అందుకే ఈసారి ఆదివారం తెలుగు బడి ఉత్తరం దీని మీదే.

క్రిస్మస్ కాదు. ఇప్పటి టర్కీలో ఉన్న మైరాకు ఒకప్పుడు బిషప్‌గా పనిచేసిన సెయింట్ నికొలస్ పండుగ డిసెంబర్ 6న. ఆయన్నే డచ్ వాళ్లు సింటర్‌క్లాస్ అంటారు, ముందురోజు సాయంత్రమే కానుకలు పంచుకుంటారు. పేరుకు సాధువు పండుగే గానీ, ఇళ్లలో పూజా ప్రార్థనా ఏమీ ఉండవు, ఏ మతం లేనివాళ్లూ చేసుకుంటారు. కథ ప్రకారం ఆయన నవంబర్ మధ్యలో స్పెయిన్ నుంచి ఆవిరి ఓడలో వస్తాడు. ఆయన్ని ఆ ఓడ ఎక్కించింది 1850లో యాన్ స్ఖెంక్‌మన్ రాసిన పిల్లల పుస్తకం. స్ఖెంక్‌మన్ ఆమ్‌స్టర్‌డామ్‌లో బడిపంతులు. మనవాడే అన్నమాట!

ఓడ వచ్చాక పిల్లలు రాత్రి ఒక బూటు హీటర్ పక్కన పెట్టి, అందులో సింటర్‌క్లాస్ గుర్రానికి క్యారెట్ వేసి పాట పాడతారు. తెల్లారేసరికి క్యారెట్ మాయం. బదులుగా ఒక చిన్న కమలా, గుప్పెడు పెపర్‌నోటెన్ బిస్కెట్లు, పేరులో మొదటి అక్షరం ఆకారంలో చాక్లెట్. రోజూ పెట్టనక్కర్లేదు, వారానికోసారి చాలు. ఆ క్యారెట్‌ని మాత్రం మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టకండి, దొరికిపోతారు. శాకాహారులు ఈ రోజుల్లో పంచే నురుగు మిఠాయి (మార్ష్‌మాలో లాంటిది) ప్యాకెట్ వెనక ఓసారి చదవండి, చాలావాటిలో జెలటిన్ ఉంటుంది.

గ్రూప్ 5 (ఎనిమిది, తొమ్మిదేళ్ల వయసు) నుంచి పై తరగతుల పిల్లలకు అసలు పని మొదలవుతుంది. క్లాసులో చీటీలు తీస్తారు. ఎవరి పేరు వస్తే వాళ్లకు రహస్యంగా కానుక కొని, దాన్ని ఇంట్లో చేసిన బొమ్మలో దాచాలి. ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న పిల్లాడికి బెలూన్ మీద మైదా జిగురుతో పాత పేపర్లు అంటించి బంతి చేస్తే, అది పగలగొడితేనే కానుక బయటికొస్తుంది. జిగురు ఆరడానికి రోజులు పడుతుంది కాబట్టి 4వ తేదీ రాత్రి మొదలుపెట్టి టెన్షన్ పడకండి. బొమ్మ మీరు చేసిపెట్టకండి, వంకరగా ఉన్నా వాళ్లనే చేయనివ్వండి. బడి ఎన్ని యూరోలంటే అంతే, ఒక్క యూరో ఎక్కువ పెట్టినా అవతలి పిల్లాడికి ఇబ్బంది.

దానితో పాటు ప్రాస కలిసిన కవిత ఒకటి ఉండాలి. రాసింది సింటర్‌క్లాసే అన్నట్టు, పిల్లాడి అలవాట్లను సరదాగా ఆటపట్టిస్తూ రాస్తారు. మీవాడికి అలాంటిది వస్తే అవమానం అనుకోకండి. ఇదిగో, మన భాషలో ఒకటి (పెద్ద పుస్తకం అంటే పిల్లల సంగతులన్నీ సింటర్‌క్లాస్ రాసుకునేది):

పెద్ద పుస్తకం తీస్తే కనిపించింది నీ పేరు,
సైకిల్ తాళం దొరికేసరికి ఎనిమిదిన్నర, సారూ!
గంట కొట్టాకే నువ్వు గేటు దగ్గర హాజరు,
ఈ బంతిలో ఏముందో పగలగొట్టు మాస్టారూ!

ఇంకో మాట. సింటర్‌క్లాస్ వెంట వచ్చే సహాయకుడు పీట్ వేషానికి ఒకప్పుడు మొహమంతా నల్లరంగు పూసేవారు. అది జాతి వివక్షేనని నల్లజాతి డచ్ పౌరులు ఏళ్ల తరబడి పోరాడారు. 2019 నుంచి జాతీయ ఊరేగింపులో చెంపల మీద మసి చారలే కనిపిస్తున్నాయి. మారాల్సిందే మారింది. అయినా మీ పిల్లల రంగు గురించి ఎవరైనా వెకిలిగా మాట్లాడితే "పోనీలే" అనకుండా క్లాస్ టీచర్‌కు చెప్పండి.

అల్లరి చేస్తే పీట్ సంచిలో వేసుకుని స్పెయిన్ పట్టుకుపోతాడని బూచాడి లెక్కన భయపెట్టకండి. ఇక్కడి బడుల్లో ఇప్పుడు అలా చెప్పడం లేదు. ఇక కథ గుట్టు తెలిసిన అన్నలూ అక్కలూ చిన్నవాళ్ల ముందు నోరు జారకుండా చూడండి.

నవంబర్ చివరి ఆదివారం మన తరగతిలో తెలుగు కవితలు చదువుతాం. నాలుగు పాదాలు, అంత్యప్రాస, ఎవరినీ నొప్పించని వెటకారం. కాగితం మీద రాసి పంపండి. పెపర్‌నోటెన్ నేను తెస్తాను.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు