శనివారం ఫోన్ రిపేరుకిచ్చే ముందు

చిరంజీవి బుజ్జికి,

నువ్వు పంపిన మూడు స్క్రీన్‌షాట్లూ చూశాను. "బ్యాకప్ ఆన్‌లోనే ఉంది కదా నాన్నా, శనివారం సర్వీస్ సెంటర్లో ఇచ్చేస్తా, వాళ్లు రీసెట్ చేస్తామన్నారు" అన్నావు. ఇవ్వొద్దని అనను. కానీ ఆ "ఆన్" అన్న మాటను నమ్ముకుని ఇవ్వకు. ఆన్ అంటే ఫోన్‌లోవాటి కాపీని గూగుల్ ఖాతాకి పంపడానికి సిద్ధంగా ఉందని, పంపేసిందని కాదు. నీ మొదటి స్క్రీన్‌షాట్‌లోనే అడుగున చిన్న అక్షరాల్లో 2,140 ఐటమ్స్, అంటే ఫొటోలూ వీడియోలూ, ఎక్కకుండా మిగిలున్నాయని ఉంది. రీసెట్ అంటే ఫోన్‌లో ఉన్నదంతా చెరిపెయ్యడం. అది నొక్కితే పోయేవి అవే.

దీన్ని మీ రూమ్మేట్ ల్యాప్‌టాప్‌లో తెరిచి చదువుకో. ఫోన్‌లో పని చేస్తూ ఫోన్‌లోనే చదవడం కష్టం. ఇంకో మాట: నీ గూగుల్ ఖాతాలో 15 జీబీకి 14.8 నిండింది. ఆ మిగిలిన 200 ఎంబీ కూడా నిండితే మెయిల్స్ రావడం ఆగిపోతుంది, ఈ ఉత్తరం లాంటివి కూడా నీకు చేరవు.

అసలు చిక్కు అక్కడే ఉంది. ఆ 15 జీబీ ఫొటోలకు మాత్రమే కాదు. జీమెయిల్, డ్రైవ్ (ఫైళ్లు దాచుకునేది), గూగుల్ ఫొటోస్ మూడూ అందులోంచే వాడుకుంటాయి. 2021 జూన్ 1 కి ముందు "హై క్వాలిటీ"లో ఎక్కించిన ఫొటోలు లెక్కలోకి రావు, ఆ తర్వాతివన్నీ వస్తాయి. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ కూడా ఒకప్పుడు లెక్కలోకి వచ్చేది కాదు, 2024 నుంచి అదీ ఇందులోంచే పోతోంది. నీకింకా ఎక్కాల్సింది 9 జీబీ, ఖాళీ ఉన్నది 200 ఎంబీ. వైఫై ఎంత బాగున్నా ఎక్కదు.

ఖాళీ చెయ్యాలంటే దారులున్నాయి. ల్యాప్‌టాప్‌లో డ్రైవ్ తెరిచి ఎడమ పక్క "స్టోరేజ్" నొక్కితే ఫైళ్లు పెద్దవాటి నుంచి చిన్నవాటికి వరసగా వస్తాయి. మీ బ్యాచ్ వాళ్లు షేర్ చేసిన పీడీఎఫ్‌ల జోలికి పోకు, అవి వాళ్ల లెక్కలో ఉంటాయి తప్ప నీ లెక్కలో ఉండవు. గూగుల్ ఫొటోస్ వెబ్‌సైట్ సెట్టింగ్స్‌లో "రికవర్ స్టోరేజ్" అని ఒకటుంది. అది ఇప్పటికే ఒరిజినల్ సైజులో ఎక్కినవాటిని "స్టోరేజ్ సేవర్" సైజుకి కుదిస్తుంది: 16 మెగాపిక్సెల్స్ దాటిన ఫొటో 16 కి, 1080పీ దాటిన వీడియో 1080పీ కి దిగుతుంది. ఫోన్‌లో క్వాలిటీ మారిస్తే కొత్తగా ఎక్కేవాటికే వర్తిస్తుంది, పాతవి అలాగే ఉంటాయి. చాలామంది ఇక్కడే పొరబడి "మార్చినా జాగా రాలేదేంటి" అంటారు.

అయితే ఇవేవీ ఈ వారం చెయ్యకు. హడావుడిలో డిలీట్ చేసేటప్పుడే జనం కావలసినవి పోగొట్టుకుంటారు. 100 జీబీ ప్లాన్‌కి నెలనెలా కట్టొచ్చు. ఈ ఒక్క నెలకు కట్టెయ్. ఫోన్ తిరిగొచ్చాక తీరిగ్గా చెత్త ఏరుకో, వద్దనుకుంటే ప్లాన్ ఆపెయ్. ఆపినంత మాత్రాన ఎక్కినవి వెంటనే పోవు. కొత్తవి ఎక్కవు, 15 జీబీ దాటి ఉన్నంతకాలం మెయిల్ ఆగుతుంది, అంతే. అలా దాటి ఉండి రెండేళ్లు పట్టించుకోకపోతే మాత్రం గూగుల్ వాటిని తీసేయొచ్చు.

డబ్బు కట్టే ముందు ఏ ఖాతాకి కడుతున్నావో చూసుకో. ఫొటోస్‌లో కుడివైపు పైన నీ బొమ్మ నొక్కితే మెయిల్ ఐడీ కనిపిస్తుంది. నీ ఫోన్‌లో కాలేజీ మెయిల్ కూడా ఉంది. ఫొటోలు పాత జీమెయిల్‌కి ఎక్కుతుంటే నువ్వు కాలేజీ మెయిల్ తెరిచి "ఏమీ లేవు" అని కంగారు పడతావు.

ఇక జాగా ఉన్నా ఎందుకు కదలదో చెప్తా. నీ ఫోన్ జబ్బుకీ బ్యాకప్ జబ్బుకీ సంబంధం ఉంది. ఛార్జింగ్ పోర్టు లూజు అన్నావు. వైరు కదిలినప్పుడల్లా ఛార్జింగ్ ఆగుతుంది, రాత్రికి బ్యాటరీ 15 శాతానికి దిగుతుంది, బ్యాటరీ సేవర్ దానంతటదే ఆన్ అవుతుంది, అప్పుడు వెనకాల జరిగే అప్‌లోడ్లు చాలావరకు ఆగిపోతాయి. కాబట్టి ముందు ఫోన్ ఆపి, సన్నటి చెక్క పుల్లతో (పిన్నీసు వద్దు, లోపలి కాంటాక్టులు వంగుతాయి) పోర్టులోని దూదిపోగులు నెమ్మదిగా తియ్యి. జీన్స్ జేబు నూగే సగం పోర్టుల్ని లూజు చేస్తుంది. తర్వాత ఫోన్‌ని బల్ల మీద బోర్లించి, వైరు మీద ఒక లావుపాటి పుస్తకం పెట్టు, కదలకుండా.

ఆ తర్వాత సెట్టింగ్స్‌లో యాప్స్, ఫొటోస్, బ్యాటరీ వరసగా తెరిచి "నో రిస్ట్రిక్షన్స్" పెట్టు. నీ ఫోన్‌లో "ఆటోస్టార్ట్" అని వేరేగా ఉంటే అదీ ఆన్ చెయ్. ఈ ఫోన్లు బ్యాటరీ ఆదా పేరుతో తెర ఆరిన కాసేపటికే వెనక నడిచే యాప్‌ని ఆపేస్తాయి. అన్నిటికన్నా ఖాయమైన పద్ధతి మోటుదే: తెర ఆరకుండా స్క్రీన్ టైమౌట్ పెంచి, ఫొటోస్ యాప్ తెరిచి ఉంచి వదిలెయ్.

హాస్టల్ వైఫై ఇంకో తంటా. లాగిన్ పేజీ ఉన్న వైఫైలు కొన్ని గంటలకోసారి బయటికి తోసేస్తాయి. పైన వైఫై గుర్తు ఉంటుంది, పక్కన చిన్న ఆశ్చర్యార్థకం చేరుతుంది, ఇంటర్నెట్ ఉండదు. నిద్రపోయే ముందు ఒకసారి మళ్లీ లాగిన్ అవు. స్పీడ్ చూసేటప్పుడు డౌన్‌లోడ్ కాదు, అప్‌లోడ్ అంకె చూడు. 4 ఎంబీపీఎస్ వస్తే సెకనుకి అర ఎంబీ, గంటకు 1.8 జీబీ. నీ 9 జీబీకి సరిగ్గా 5 గంటలు. ఒక రాత్రి చాలు, ఆ రాత్రంతా తెగకుండా ఉంటే.

ఇక్కడొకటి గుర్తుంచుకో. 4కే వీడియో నిమిషానికి దగ్గర దగ్గర 350 ఎంబీ అవుతుంది. మీ ఫెస్ట్‌లో నువ్వు తీసిన పది నిమిషాల డాన్స్ ఒక్కటే 3.5 జీబీ. ఆ స్పీడ్‌లో అది ఎక్కడానికే 2 గంటలు పడుతుంది. ఆ 2 గంటలూ "మిగిలినవి" అంకె ఒక్కటి కూడా తగ్గదు. ఆగిపోయిందనుకుని ఫోన్ రీస్టార్ట్ చెయ్యకు. నిజంగానే ఆగిందనిపిస్తే యాప్ సమాచారంలోకెళ్లి "క్లియర్ క్యాష్" నొక్కు. దాని పక్కనుండే "క్లియర్ డేటా" మాత్రం నొక్కొద్దు. ఫొటోస్‌లో తాళం వేసి దాచుకునే లాక్డ్ ఫోల్డర్‌లో నువ్వేమైనా దాచి ఉంటే, దానికి బ్యాకప్ విడిగా ఆన్ చేసి లేకపోతే, డేటా క్లియర్ చేసినా యాప్ తీసేసినా అవి పోతాయి. (ఏం దాచావో నాకక్కర్లేదు.)

వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలు మామూలుగా ఎక్కవు. ఫొటోస్ సెట్టింగ్స్‌లో బ్యాకప్, అందులో "బ్యాకప్ డివైస్ ఫోల్డర్స్" తెరిస్తే కెమెరా తప్ప మిగతావి ఆఫ్‌లో ఉంటాయి. వాట్సాప్ ఇమేజెస్ ఆన్ చేస్తే గుడ్ మార్నింగ్ పువ్వులు కూడా ఎక్కుతాయి, ఆన్ చెయ్యకపోతే అక్క పెళ్లి ఫొటోల్లో సగం ఎక్కవు. ఈసారికి పువ్వుల్ని భరించు.

ఇక భయపడాల్సిన బటన్లు. "ఫ్రీ అప్ స్పేస్" అనేది క్లౌడ్‌కి, అంటే నీ గూగుల్ ఖాతాకి, చేరినవాటిని ఫోన్‌లోంచి మాత్రమే తీస్తుంది. అదే యాప్‌లో ఫొటో మీద నొక్కి చెత్తబుట్ట గుర్తు నొక్కితే ఫోన్లోనూ క్లౌడ్‌లోనూ రెండుచోట్లా పోతుంది. "క్లౌడ్‌లో ఉందిగా, ఫోన్‌లో తీసేస్తున్నా" అనుకుని జనం చేసేది రెండోది. అలా పోయినా, బ్యాకప్ అయిన ఫొటో 60 రోజులు ట్రాష్‌లో ఉంటుంది, బ్యాకప్ కానిది 30 రోజులే. శనివారం దాకా ఈ రెండు బటన్లూ ముట్టుకోకు.

వాట్సాప్ సంగతి వేరే. సెట్టింగ్స్‌లో చాట్స్, అందులో చాట్ బ్యాకప్ తెరువు. పైన రెండు వరసలుంటాయి. నీ స్క్రీన్‌షాట్‌లో మొదటి వరస "లోకల్: ఈరోజు 2:00", రెండోది గూగుల్ ఖాతాది, మూడు నెలల కిందటి తేదీ. నువ్వు మొదటిది చూసి నిశ్చింతగా ఉన్నావు. లోకల్ అంటే రాత్రి 2 గంటలకు ఫోన్‌లోనే రాసుకున్న కాపీ. ఫోన్‌తోపాటే చెరిగిపోతుంది. రెండో వరసలో ఈరోజు తేదీ రావాలి. ఖాతాలో జాగా వచ్చాక "బ్యాక్ అప్" నొక్కు. "ఇంక్లూడ్ వీడియోస్" అవసరమైతేనే. ఫోన్‌లో కూడా ఒకటి రెండు జీబీ ఖాళీ ఉండాలి. కాపీని ముందు ఫోన్‌లో తయారుచేసుకునే పైకి పంపుతుంది, చోటు లేకపోతే మధ్యలో నిలబడిపోతుంది.

కింద "ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్" (బ్యాకప్‌కి తాళం వెయ్యడం లాంటిది) ఆన్‌లో ఉందేమో చూడు. ఉంటే నువ్వు దానికి పెట్టుకున్న పాస్‌వర్డో, 64 అంకెల కీనో నీ దగ్గర ఉండి తీరాలి. అది మర్చిపోతే వాట్సాప్ వాళ్లు కూడా తెరవలేరు. ఫోన్ చేతిలో ఉండగానే అయితే దాన్ని మార్చుకోవచ్చు, రీసెట్ అయ్యాక కుదరదు. బ్యాకప్ నిలబడిపోయిందని వాట్సాప్ తీసి మళ్లీ వెయ్యకు. తిరిగి తెచ్చుకునే అవకాశం నంబరు వెరిఫై చేసినప్పుడే అడుగుతుంది. అప్పుడు "స్కిప్" నొక్కితే, తర్వాతి బ్యాకప్ పాతదాని మీద రాసేస్తుంది. అదే నంబరు, అదే గూగుల్ ఖాతా ఉంటేనే అడుగుతుంది.

కాంటాక్టులు, మెసేజ్‌ల కోసం సెట్టింగ్స్‌లో గూగుల్, బ్యాకప్ తెరిచి "బ్యాకప్ నౌ" నొక్కు. అమ్మ నంబరు సిమ్‌లో సేవ్ అయ్యి ఉంటే అది గూగుల్ కాంటాక్టుల్లో కనిపించదు. రిపేరు నెలల తరబడి సాగదీస్తే గుర్తుంచుకో: ఫోన్ 57 రోజులు వాడకపోతే ఈ బ్యాకప్‌ని గూగుల్ చెరిపేయొచ్చు, ఫొటోలు తప్ప. తిరిగి ఎక్కించేటప్పుడు పాత స్క్రీన్ లాక్ పిన్ అడుగుతుంది. కాగితం మీద రాసుకో. ఈ లోపు వేరే ఫోన్ కొనాల్సి వస్తే, దాని ఆండ్రాయిడ్ వెర్షన్ నీదానికన్నా పాతదైతే ఈ బ్యాకప్ అందులోకి దిగదు.

డౌన్‌లోడ్స్‌లో ఉన్న మెమోలు, ఫీజు రసీదులు, రికార్డర్‌లోని లెక్చర్లు పైవాటిలో దేనిలోనూ రావనుకో. పోర్టు లూజు కాబట్టి కేబుల్‌తో కాపీ చెయ్యబోకు, సగంలో తెగుతుంది. నేరుగా డ్రైవ్‌లోకి ఎక్కించు.

శుక్రవారం రాత్రి పరీక్ష. ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ ఇన్‌కాగ్నిటో కిటికీ (మూసేశాక లాగిన్ గుర్తుంచుకోనిది) తెరిచి నీ ఖాతాతో ఫొటోస్‌లోకి వెళ్లు. 2,140 లో మొదటిదీ, మధ్యలోదీ, చివరిదీ వెతుకు. ఆ డాన్స్ వీడియో తెరిచి చివరి నిమిషం దాకా జరిపి చూడు. బొమ్మ కనిపించినంత మాత్రాన వీడియో మొత్తం ఎక్కిందని కాదు. పనిలో పనిగా ఖాతా సెక్యూరిటీలోకెళ్లి టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ తర్వాత అడిగే రెండో తనిఖీ) కింద బ్యాకప్ కోడ్లు తీసుకుని నోట్సులో రాసుకో. పది కోడ్లుంటాయి, ఒక్కోటి 8 అంకెలు, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. ఫోన్ వాళ్ల దగ్గరున్నప్పుడు "ఫోన్‌లో యస్ నొక్కండి" అని అడిగితే ఇవే దిక్కు. సిమ్ తీసి దగ్గర పెట్టుకో. అయ్యాక ల్యాప్‌టాప్‌లో లాగౌట్ అవ్వడం మర్చిపోకు.

ఒక్క వాట్సాప్ బ్యాకప్‌ని మాత్రం ఇలా తెరిచి చూసుకోలేం. తేదీ, సైజు తప్ప ఇంకేమీ కనపడవు, నిజంగా అందులో ఏముందో రీసెట్ అయ్యాకే తెలుస్తుంది. అందుకని అమ్మమ్మ నీకు పంపిన ఆవకాయ వాయిస్ మెసేజ్‌లను దాని మీద వదలకు. ఒక్కోటి నొక్కిపట్టి, షేర్ నొక్కి, డ్రైవ్ ఎంచుకుని విడిగా ఎక్కించు. ఎక్కాక ల్యాప్‌టాప్‌లో ఒకటి మోగించి చూసి, ఆ ఫోల్డర్ నాక్కూడా షేర్ చెయ్. ఆదివారం మామిడికాయలు వస్తున్నాయి. ఆవపిండి, కారం, ఉప్పు ఎంతెంతో ఇక్కడ అమ్మ ఒక లెక్క చెప్తోంది, మీ పిన్ని ఇంకో లెక్క చెప్తోంది.

ఆశీస్సులతో,
నాన్న