ఆ యాంటీబాడీని ఎవరైనా పరీక్షించారా?

సంపాదకులు గారికి,

గుండె కణాల మీద మీ సైన్స్ పేజీలో ఆ వ్యాసం వచ్చి వారం దాటింది. పోనీలే అని ఊరుకుందామనుకున్నా, ఊరుకోబుద్ధి కావడం లేదు. ఆకుపచ్చగా మెరిసే ఫొటో వేసి, 'అడ్రినలిన్ గ్రాహకాలు ఇవిగో' అని బాణం గుర్తు పెట్టి మరీ చూపించారు. ఇలాంటి ఫొటోల్లో ప్రోటీన్‌ను వెతికి పట్టుకుని అతుక్కునేది యాంటీబాడీ. ఏ యాంటీబాడీతో చూశారు, అది నమ్మదగ్గదేనా అన్న ముక్క మాత్రం ఎక్కడా లేదు. ల్యాబుల్లో పనిచేసే నాలాంటి వాళ్లకు ఒళ్లు మండేది అక్కడే.

ఈ గ్రాహకాలు (రిసెప్టర్లు), అంటే అడ్రినలిన్ సంకేతాన్ని అందుకునే ప్రోటీన్లు, నిన్న మొన్నటివి కావు. ఆల్ఫా, బీటా అని రెండు రకాలున్నాయని ఆల్‌క్విస్ట్ అనే శాస్త్రవేత్త 1948లోనే చెప్పాడు. ఇప్పుడు తొమ్మిదయ్యాయి. బీపీకి వాడే బీటా బ్లాకర్లు, ఆస్తమా ఇన్‌హేలర్లు పనిచేసేది వీటి మీదే. లెఫ్కోవిట్జ్, కోబిల్కా అనే శాస్త్రవేత్తలకు 2012లో నోబెల్ వచ్చింది కూడా ఈ కుటుంబం మీద చేసిన పనికే. అంత పేరున్న ప్రోటీన్‌ను కణజాలంలో గుర్తుపట్టాలంటే మాత్రం చిన్న యాంటీబాడీ ట్యూబు మీద అంటించిన లేబుల్‌ను నమ్మేస్తున్నాం.

2009లో ఆల్ఫా-1 రకాల కోసం అమ్ముతున్న 10 యాంటీబాడీలను పరీక్షిస్తే ఒక్కటీ నిలబడలేదు. ఆ రిసెప్టర్ జన్యువునే తీసేసిన నాకౌట్ ఎలుకల్లోనూ బ్యాండు, అంటే 'ఆ ప్రోటీన్ ఉంది' అని చూపే గీత, వచ్చింది. ఎవరూ లేని ఇంటి తలుపు కొడితే లోపల్నుంచి 'ఉన్నాం' అన్నట్టు! బీటా రకాల గురించీ అదే ఏడాది ఇలాంటి రిపోర్టే వచ్చింది. కారణం తెలియక కాదు. కణంలో ఈ ప్రోటీన్ ఉండేదే కొంచెం, అదీ కణపొరలో ఏడుసార్లు అటూ ఇటూ దూరి ఉంటుంది, పైగా తొమ్మిది రకాలకూ ఒకే పోలిక. ఆ ప్రోటీన్‌లోని చిన్న ముక్కను (పెప్టైడ్) కుందేలుకు ఎక్కించి తీసిన యాంటీబాడీ వేరే ప్రోటీన్‌కు అతుక్కుంటే ఆశ్చర్యమేముంది? కుందేలు మారితే సరుకూ మారుతుంది. కేటలాగ్ నంబరు మాత్రం మారదు.

మాకు వచ్చిన ఒకదాని డేటాషీటులో చక్కగా ఒకే బ్యాండు, పైనా కిందా కత్తిరించేసిన బొమ్మ. మేం బ్లాట్ (ప్రోటీన్లను సైజు వారీగా విడదీసి యాంటీబాడీతో చూసే పరీక్ష) చేస్తే పై నుంచి కింద దాకా బ్యాండ్లే. ఏమీ రాకూడని నెగెటివ్ కంట్రోల్ లేన్‌లోనూ అవే. కంపెనీకి రాస్తే, 'బ్లాకింగ్ (యాంటీబాడీ ఎక్కడపడితే అక్కడ అతుక్కోకుండా వేసే పూత) మార్చండి, యాంటీబాడీని ఇంకా పలచన చేసి చూడండి' అన్నారు. చేశాం. బ్యాండ్లన్నీ కలిసికట్టుగా పలచబడ్డాయి.

ఇదంతా ఎవరి డబ్బు? పెన్ను రీఫిల్‌కు కూడా బిల్లు అడిగే ఆడిట్ వాళ్లు, ఈ ట్యూబు పనిచేసిందా అని ఒక్కసారీ అడగరు. పర్చేజ్ సెక్షన్‌కు తక్కువ రేటు కావాలి, పై అధికారులకు ఏడాదికిన్ని పేపర్లు కావాలి, జర్నల్ రివ్యూయర్లకు టైం లేదు. ఒకప్పుడు రేడియోలైగాండ్ బైండింగ్ చేసి, అంటే రిసెప్టర్‌కు అతుక్కునే రేడియోధార్మిక పదార్థాన్ని కలిపి, రిసెప్టర్లను ఓపిగ్గా లెక్కగట్టేవాళ్లు. ఆ పని తెలిసినవాళ్లు రిటైరైపోతున్నారు, నేర్చుకుంటామనే వాళ్లు లేరు. రంగు ఫొటో చాలు కదా!

2023లో 65 ప్రోటీన్లకు సంబంధించిన 614 యాంటీబాడీలను నాకౌట్ కణాలతో పోల్చి చూసిన పెద్ద అధ్యయనం వచ్చింది. పనిచేయని వాటితో రాసిన పేపర్లు బోలెడు బయటపడ్డాయి. కొన్ని కంపెనీలు సిగ్గుపడి ఆ సరుకును అమ్మడం ఆపేశాయి, మెచ్చుకోవాలి. మరి అచ్చయిపోయిన పేపర్ల మాటేమిటి? వాటిని చూసి కొత్త గ్రాంట్లు ఇస్తూనే ఉన్నారు.

మీ విలేకరులకు ఒక్క విన్నపం. ఇలాంటి వార్త రాసేముందు, 'ఆ ప్రోటీన్ లేని కణాల్లో చూశారా? ఏం కనిపించింది?' అని అడగమనండి. అడగడానికి పీహెచ్‌డీ అక్కర్లేదు. జవాబు వచ్చేదాకా వ్యాసం ఓ వారం ఆపితే కొంపలేం మునిగిపోవు. పనికొచ్చే యాంటీబాడీ కోసం మేం అంతకంటే చాలా ఎక్కువే ఆగుతున్నాం.

- ల్యాబులో పనిచేసే ఒక పాఠకుడు