ఫ్రిస్కో ఇంటికి వచ్చిన రెండు ఆఫర్ల గురించి

ఒరేయ్ రఘూ,

నీ మెసేజ్ చూశాను. మీ ఫ్రిస్కో ఇంటికి అమ్మకం బోర్డు పెట్టిన వారంలోనే రెండు ఆఫర్లంటే నీ పని నయమేరా. పెద్ద అంకె వదులుకోవద్దని చెల్లెమ్మ పట్టుబడుతోందన్నావు. ఎవరి కన్నయినా ముందు అక్కడే పడుతుందిలే. కానీ ఆ 15 వేల డాలర్లు ఎక్కువిస్తామన్నవాళ్లు, ముందు మెకిన్నీ ఊళ్లోని తమ ఇల్లు అమ్ముడుపోవాలని మెలిక పెట్టారు కదా, తక్కువిస్తామన్న రెండోవాళ్లకి ఆ షరతు లేదు. మొదటివాళ్లతో పోతే వాళ్ల అమ్మకం టెన్షన్ కూడా నీ నెత్తికెక్కినట్టే.

అందుకే ముందు ఆ ఇంటి సంగతి ఆరా తీయించు. దానికి కొనేవాళ్లు కుదిరి, ఆప్షన్ పీరియడ్ (కొనేవాళ్లు ఊరికే తప్పుకోగలిగే మొదటి కొన్ని రోజులు) అయిపోయి, లోన్ కూడా ఖాయమైతే కళ్లు మూసుకుని సంతకం పెట్టెయ్. ఇంకా బేరమే రాలేదంటే మాత్రం ఆ 15 వేలు కాగితం మీదే. మేం ప్లేనోలో అమ్మినప్పుడూ ఇలాంటి ఆఫరే వచ్చింది. మా ఏజెంట్ వాళ్ల లిస్టింగ్ (ఆ ఇంటి అమ్మకం ప్రకటన) తీసి చూపించింది. వంటింటి ఫొటోలో సింకు నిండా అంట్లు! రెండుసార్లు ధర తగ్గించినా కదల్లేదు. వద్దనేశాం.

మనసు మరీ లాగుతుంటే, టెక్సాస్‌లో ఈ షరతుకు విడిగా ఒక ఫారం ఉంది, దాన్ని కూర్చుని చదువు. అందులో ఒక గడువు రాస్తారు. ఆలోపు వాళ్ల ఇల్లు అమ్ముడుపోక, షరతూ వదులుకోకపోతే ఒప్పందం దానంతటదే రద్దు. ఎర్నెస్ట్ మనీ, అంటే వాళ్లు కట్టిన బయానా కూడా వాళ్లకే వెనక్కి పోతుంది. కాబట్టి గడువు దగ్గరగా వేయించు. ఈలోగా నువ్వు ఇంకో ఆఫర్ ఒప్పుకుంటే వీళ్లకి నోటీసు ఇవ్వొచ్చు. ఫారంలో రాసుకున్న రోజుల్లోగా షరతు వదులుకుని, అదనంగా ఎర్నెస్ట్ మనీ కట్టాలి, లేదంటే తప్పుకోవాలి. ఏజెంట్లు కిక్ అవుట్ అనేది దీన్నే. ఆ రోజులు రెండు మూడు దాటనివ్వకు. ఒకసారి వదులుకున్నాక, ఇల్లమ్మిన డబ్బు చేతికి రాలేదని కొనకపోతే డిఫాల్ట్, అంటే ఒప్పందం తప్పిన తప్పు, వాళ్లదే. చిక్కల్లా ఏమిటంటే, లిస్టింగ్‌లో కిక్ అవుట్ అని కనబడగానే చాలామంది చూడ్డానికి కూడా రారు.

రెండో ఆఫర్‌కి మెలికలేమీ లేవనుకోకు. ఆప్షన్ పీరియడ్‌లో కారణం చెప్పకుండానే వెళ్లిపోవచ్చు. పైగా లోన్ షరతు ఉండనే ఉంది. అప్రైజల్‌లో, అంటే బ్యాంకు ఇంటికి వేయించే విలువ లెక్కలో, విలువ తగ్గితే మళ్లీ బేరం మొదలు. బ్యాంకు కాగితాలన్నీ చూసి ప్రీ అప్రూవల్ (లోన్ ఇస్తామని ముందస్తు ఆమోదం) ఇచ్చిందా, ఊరికే ఫోన్లో లెక్కలడిగి లెటర్ రాసిందా, మీ ఏజెంట్‌ని కనుక్కోమను.

అయినా నేనైతే దీనికే మొగ్గుతాను. మీరు హ్యూస్టన్‌లో ఇల్లు తీసేసుకున్నారు. మొదటివాళ్ల ఇల్లు అమ్ముడయ్యేదాకా ఆగి, ఫ్రిస్కో ఇంటి ఇన్‌స్టాల్‌మెంటు, ప్రాపర్టీ టాక్స్, హెచ్ఓఏ (కాలనీ సంఘం) రుసుం కలిపి మూడు నెలలు కట్టావంటే ఆ 15 వేలల్లో ఎంత మిగులుతుందో చెల్లెమ్మనే లెక్కేయమను. సంతకం పెట్టేముందు మాత్రం ఇంకో ఐదు వేలు పెంచుతారేమో అడిగించు, అడిగితే పోయేదేముంది. ఆ ఫారం నాకు పంపించి, శనివారం పొద్దున ఫోన్ చెయ్.

నీ
శీను