శివారు చేలకు నీళ్లు

చిరంజీవి అబ్బాయికి,

నాన్న దీవించి రాయునది. అమ్మ సంగతి ఫోన్లో పూర్తిగా చెప్పలేకపోయాను. పక్కనే తను ఉంటుంది కదా.

పండగకి వచ్చి మీరు వెళ్లాక ఓ మధ్యాహ్నం పూతరేకులు చుట్టడానికి కూర్చుంది. రేకు మీద తడిగుడ్డ అద్దింది, నెయ్యి రాసింది, పంచదార పొడి చల్లింది. అక్కడ ఆగిపోయింది. ఆత్రేయపురం ఆడపడుచు, చిన్నప్పటినుంచీ చుట్టిన చెయ్యి. రేకు వంక చూస్తూ "తర్వాత ఏంటండీ?" అని నన్నడిగింది.

కాకినాడ తీసుకెళ్లి ఎమ్మారై తీయించాను. డాక్టరు గారు ఫిల్ము లైటుకి పెట్టి మెదడు లోపల తెల్లమచ్చలు చూపించారు. సన్న రక్తనాళాలు దెబ్బతిన్న గుర్తులట. ఈ జబ్బులో పేర్లు, ముఖాలు గుర్తున్నా పని తర్వాత పని వరస పెట్టుకోవడం ముందు తగ్గుతుందన్నారు.

మెదడు బరువు ఒంట్లో నూటికి రెండు వంతులేరా, ప్రాణవాయువు మాత్రం ఐదో వంతు అదే వాడుకుంటుంది. దాని లోపలికి వెళ్లే నాళాలు వెంట్రుకల్లాంటివి. ఒకటి మూసుకుపోతే పక్కనుంచి రక్తం అందించే ఇంకో దారి ఉండదు. బీపీ ఏళ్ల తరబడి ఎక్కువుంటే వాటి గోడలు మందమై గట్టిపడతాయి, దారి ఇరుకవుతుంది. కాలువ చివర మన శివారు చేను తెలుసుగా. ధవళేశ్వరంలో కాలువకి నిండుగా వదిలినా, చేలకి నీళ్లు తెచ్చే బోదెలో పూడిక పడి గుర్రపుడెక్క పేరుకుంటే ముందు ఎండేది మనదే. ఎగువ వాళ్లకి తెలియను కూడా తెలియదు.

అమ్మకి యాభయ్యో ఏటే బీపీ ఉందన్నారు. తలనొప్పేమీ లేదు కదా అని మాత్రలు మానేసింది. నేనూ ఊరుకున్నాను. ఆ తప్పు నాదే.

ఇప్పుడు నీ సంగతి. పండగలో అమ్మ మిషన్‌తో చూస్తే నీకు 154/96 వచ్చింది. "ఆఫీసు టెన్షన్ నాన్నా" అని చొక్కా చేతులు దించేసుకున్నావు. నీకు నలభై ఆరు. డెబ్బైల్లో మెదడుకి వచ్చే చేటుకి ఈ వయసు బీపీ ఓ ముఖ్య కారణం. అమెరికాలో యాభై దాటిన తొమ్మిది వేలమందికి పైగా బీపీ రోగుల మీద చేసిన అధ్యయనం ఫలితం 2019లో వచ్చింది. పై అంకె 120 లోపు ఉండేలా వైద్యం చేసిన వాళ్లలో, 140 లోపు లక్ష్యంగా పెట్టుకున్న వాళ్లకంటే, జ్ఞాపకశక్తి, ఆలోచన కొద్దిగా మందగించే దశ 19 శాతం తక్కువ కనిపించింది. డిమెన్షియా, అంటే రోజువారీ పనులు కూడా చేసుకోలేనంత మతిమరుపు, తగ్గిందని మాత్రం గట్టిగా తేలలేదు. నీకు ఏ అంకె సరిపోతుందో మీ డాక్టరునే అడుగు. సిగరెట్ మానెయ్యి, షుగర్ కూడా చూపించుకో. ఉప్పు రోజుకి ఐదు గ్రాములు, అంటే చిన్న చెంచాడు మించకూడదట. అందుకే ఈసారి ఎండుచేపలు పంపడం లేదు, ఆవకాయ చిన్న సీసాయే.

వారం రోజులు పొద్దునా సాయంత్రం బీపీ చూసుకుని, ఆ కాగితం ఫొటో తీసి పంపు. అమ్మది నేను రోజూ గోడ క్యాలెండర్ మీద రాస్తున్నాను. నిన్న 132.

ఆశీస్సులతో,
నాన్న