535001 గురించి నాన్నగారికి

గోట్టింగెన్

పూజ్యులైన నాన్నగారికి మీ పెద్దమ్మాయి నమస్కరించి వ్రాయునది.

మేమందరం ఇక్కడ క్షేమం. నిన్న మీకు పార్సెలు పంపుతూ చిరునామా కింద విజయనగరం 535001 అని వ్రాసేసరికి, ఏడో తరగతి వేసవి సెలవుల్లో ఇదే పిన్‌కోడును మీరు నాకు లెక్కగా ఇచ్చిన సంగతి గుర్తుకొచ్చింది. మూడు లాంతర్ల దగ్గర కొన్న రూళ్ల పుస్తకంలో 43 వరకు భాగించి, శేషం 38 రాగానే ఇది ప్రధాన సంఖ్యేనని తేల్చేశాను. మీరు కోప్పడలేదు, "ఇంకొంచెం చూడమ్మా" అన్నారు. నేను చూడలేదు.

నిన్న రాత్రి కాగితం తీసుకుని మళ్లీ మొదలుపెట్టాను. అంకెల మొత్తం 14 గనుక 3 పోదు. ఒకటి విడిచి ఒకటి కూడితే 4, 10 వస్తాయి, తేడా 6 గనుక 11 కూడా పోదు. వర్గమూలం 731 దాటుతుంది కాబట్టి అంతవరకూ వెళ్లవలసి వస్తుందేమోనని భయపడ్డాను గానీ, నేను ఆగిపోయిన 43 తరువాతి ప్రధాన సంఖ్య 47తోనే శేషం లేకుండా పోయింది. 47 × 11383. ఆ 11383ను 103 వరకు భాగించి చూశాను, అది ప్రధాన సంఖ్యే. ఆనాడు ఇంకొక్క భాగహారం చేసి ఉంటే సరిపోయేది, నాన్నగారూ.

535001ని 4తో భాగిస్తే 1 మిగులుతుంది గనుక రెండు వర్గాల మొత్తంగా వ్రాయవచ్చునేమోనని ఆశపడ్డాను. కానీ 47కూ 11383కూ విడివిడిగా 3 మిగులుతుంది; అలాంటి ప్రధాన సంఖ్య బేసిసార్లు వస్తే అది కుదరదు. అయితే ఇలా 3 మిగిల్చే రెండు వేర్వేరు ప్రధాన సంఖ్యల లబ్ధాన్ని బ్లమ్ సంఖ్య అంటారు. ఇలాంటివే బహు పెద్దవి తీసుకుని, ముందుగా ఊహించడానికి వీలులేని అంకెల వరుసలు పుట్టించే పద్ధతిని గణితవేత్తలైన బ్లమ్ దంపతులూ షుబ్ కలిసి 1986లో ప్రచురించారు. మన ఊరి పిన్‌కోడు ఆ కోవలోదని తెలిసి చాలా సంతోషించాను.

దాని భాజకాల్లో అదే సంఖ్యను విడిచిపెడితే మిగిలేవి 1, 47, 11383. మొత్తం 11431 మాత్రమే, అసలు సంఖ్య కన్నా ఎంతో తక్కువ, అంటే ఇది బాగా లోటున్న సంఖ్య. మన ఊరిదే అయిన పక్క పిన్‌కోడు 535002 చూడండి. అందులో సగం 267501, మూడో వంతు 178334, ఆరో వంతు 89167. ఈ మూడూ కలిస్తేనే 535002 సరిగ్గా వచ్చేస్తుంది, ఆపైన 1 కలిపినా మించిపోతుంది. పక్కపక్కనే ఉండి ఇంత తేడా!

చెల్లి వాళ్ల శ్రీకాకుళం 532001ని కూడా పట్టుకున్నాను. 7తో, 19తో ఒక్కటే మిగిలి ఊరించింది గానీ 97 వరకు ఏదీ పోలేదు. 727 వరకు చూడాలి. 101 నుంచి మీరు అందుకోండి. శేషాలు వ్రాసిన కాగితం ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను. అమ్మకు నా నమస్కారాలు చెప్పండి.

ఇట్లు,
మీ పెద్దమ్మాయి