ఊడిన పన్ను ఏదో ముందు చూడాలి

సంపాదకులకు నమస్కారం.

మా మనవడికి ఎనిమిదేళ్లు. గత నెలలో బడిలో కుళాయికి నోరు పెట్టి నీళ్లు తాగుతుండగా వెనక పిల్లలు తోసుకోవడంతో, పై ముందు పన్ను వేరుతో సహా ఊడి వచ్చింది. టీచర్లు రక్తం కడిగి, దూది పెట్టి, మాకు ఫోన్ చేశారు కానీ, పాలపన్నే అనుకుని ఊడిన పన్నును పారేశారు. దంతవైద్యురాలు మమ్మల్ని మొదట అడిగింది ‘పన్ను తెచ్చారా?’ అనే. అది శాశ్వత దంతం. ఇక మళ్లీ రాదు. దవడ ఎదుగుదల ఆగేదాకా, అంటే మరో పదేళ్లకు పైగా, వాడు తాత్కాలిక పన్నుతో సరిపెట్టుకోవాలి. ముప్పై ఏళ్లు ప్రాథమిక పాఠశాలలో పనిచేసిన నాకే ఈ సంగతి తెలియనప్పుడు, ఆ టీచర్లను తప్పుపట్టలేను.

పిల్లలకు పళ్ల దెబ్బలు ముఖ్యంగా రెండు వయసుల్లో ఎక్కువ. మొదటిది తప్పటడుగులు వేసే ఒకటి నుంచి మూడేళ్ల కాలం: తడి టైల్స్ మీద జారడం, గడప తట్టుకోవడం, మంచం మీంచి పడటం, స్కూటర్ మీద ముందు నిలబెట్టుకున్న బిడ్డ మూతి సడన్ బ్రేక్‌కు హ్యాండిల్‌కు కొట్టుకోవడం. రెండోది ఎనిమిది నుంచి పదేళ్ల మధ్య ఆటల కాలం. ఏ వయసులోనైనా ఎక్కువగా దెబ్బ తినేవి పై ముందు పళ్లే, అవి ఎత్తుగా ఉన్న పిల్లలకు ముప్పు మరింత. పసివాళ్ల దవడ ఎముక మెత్తన కాబట్టి పాలపన్ను విరగడం కన్నా పక్కకు ఒరగడం, చిగురులోకి దిగబడటం ఎక్కువ. శాశ్వత దంతమైతే తరచూ అంచు విరుగుతుంది.

‘పాలపన్నే కదా, ఎలాగూ ఊడేదే’ అనే మాట మన ఇళ్లలో అలవాటైపోయింది. కానీ పాలపన్ను వేరుకు ఆనుకునే లోపల శాశ్వత దంతం మొగ్గ తయారవుతూ ఉంటుంది. రెండేళ్లప్పుడు తగిలిన దెబ్బ ఏడేళ్లకు వచ్చే కొత్త పన్ను మీద తెల్లటి, గోధుమరంగు మచ్చగానో, వంకరగానో బయటపడవచ్చు. అందుకే ఊడిన పాలపన్నును తిరిగి గుచ్చకూడదు, ఆ మొగ్గకు హాని కలుగుతుంది. పన్ను నల్లబడినా, చిగురు వాచినా, అసలు దెబ్బ తగిలిన రోజే అయినా, వైద్యులకు చూపించాలి.

శాశ్వత దంతం విషయం దీనికి పూర్తిగా వ్యతిరేకం. వేరును ముట్టకుండా తెల్లటి భాగం పట్టుకుని, మట్టి ఉంటే పాలతోనో మంచినీళ్లతోనో రుద్దకుండా ఒక్కసారి కడిగి, వెంటనే దాని గుంతలోనే పెట్టి, శుభ్రమైన గుడ్డ కొరికి పట్టుకోమనాలి. అది వీలుకాకపోతే పన్నును పాలలో వేసి వైద్యుల దగ్గరకు పరుగెత్తాలి. ఎండిపోయేలా కాగితంలో చుట్టకూడదు. పన్ను బయట పొడిగా ఎంతసేపుంటే అది నిలిచే అవకాశం అంత తగ్గుతుంది, గంట దాటితే మరీ కష్టం. సహజంగా ఊడే పాలపన్నుకు వేరు అప్పటికే కరిగిపోయి ఉంటుంది. ఏడేళ్లు దాటిన బిడ్డకు దెబ్బ తగిలి ముందు పన్ను పొడవైన వేరుతో వచ్చిందంటే అది శాశ్వత దంతమేనని అనుకోవాలి. పాలపన్నును పేడలో పెట్టి ఇంటి కప్పు మీద వేసే మన ఆచారం అలాగే ఉండనివ్వండి, కానీ వేసేముందు ఆ పన్నుకు వేరుందా అని ఒక్కసారి చూడండి.

పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ పథకం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు, ఒకసారి బడులకు వస్తాయి. వారు పుచ్చుపళ్లు చూడటంతో పాటు టీచర్లకు, ఆయాలకు ఈ నాలుగు మాటలు చెప్పేలా, ప్రథమ చికిత్స పెట్టె పక్కన ఈ సూచనలు అతికించేలా రెండు రాష్ట్రాల విద్యాశాఖలు ఆదేశాలివ్వాలని కోరుతున్నాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, ఖమ్మం